గ్లాసు లెక్కా? రోజు లెక్కా?

ఓడ టికెట్‌లో గది ఉంటుంది, భోజనం ఉంటుంది, ఆటపాటలుంటాయి. మరి తాగేవాటి సంగతి? పిల్లల దగ్గరికి వెళ్లి క్రూజ్ ఎక్కుతున్న మన అమ్మానాన్నలూ, వాళ్లను తీసుకెళ్తున్న పిల్లలూ డబ్బు కట్టేముందు తెలుసుకోవాల్సిన 'డ్రింక్ ప్యాకేజీ' కథ ఇది.

హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్నా అమెరికా ముచ్చట ఒకటైనా చెవిన పడుతుంది. కొడుకు డల్లాస్‌లో, కూతురు న్యూజెర్సీలో, మేనల్లుడు సియాటెల్‌లో. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించో, మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసో పిల్లల్ని చదివించిన తల్లిదండ్రులు ఇప్పుడు విజిటర్ వీసా మీద అక్కడికి వెళ్లొస్తున్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనూ ఇదే మాట. నయాగరా, న్యూయార్క్, వాషింగ్టన్ చూపించాక పిల్లలు ఇంకో ముచ్చట కూడా తీరుస్తున్నారు. అదే క్రూజ్.

అందుకు తగ్గట్టే రేవులూ తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లకు దగ్గర్లో ఉన్నాయి. హ్యూస్టన్ వాళ్లకు గాల్వెస్టన్, ఎడిసన్ వాళ్లకు బయోన్‌లోని కేప్ లిబర్టీ, సియాటెల్ వాళ్లకు అలాస్కా వెళ్లే ఓడలు ఊళ్లోంచే. ఫ్లోరిడాలో మయామీ, పోర్ట్ కెనావెరల్ అయితే చెప్పనక్కర్లేదు. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి యాత్ర చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' 365 మీటర్ల పొడవు, 20 డెక్కులు. పడకలన్నీ నిండితే 7,600 మంది పడతారు. అంటే నీళ్ల మీద తేలే ఓ పెద్ద ఊరే.

టికెట్లు బుక్ అయ్యాక కంపెనీ నుంచి మెయిళ్లు మొదలవుతాయి. వాటిలో ముందుగా పలకరించేది డ్రింక్ ప్యాకేజీ. 'రోజుకు ఇంత కట్టండి, ఎన్ని తాగినా బిల్లు ఉండదు.' చూడ్డానికి ఒక్క వాక్యం. అందులో ఏముందో, ఏం లేదో, ఎవరెవరు కట్టాలో తెలియక వేల రూపాయలు, ఒక్కోసారి లక్షలు పోగొట్టుకునే కుటుంబాలున్నాయి. ముఖ్యంగా, చుక్క ముట్టని పెద్దవాళ్లు కూడా ఉన్న మన కుటుంబాలకు ఈ లెక్క తెలియడం అందరికంటే ఎక్కువ అవసరం.

టికెట్‌లోనే వచ్చేవి ఇవి

ప్యాకేజీ గురించి ఆలోచించే ముందు, కట్టిన టికెట్ డబ్బులోనే ఏమేం వస్తాయో చూసుకోవాలి. రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి పెద్ద కంపెనీల ఓడల్లో తాగునీళ్లు, మామూలు కాఫీ, టీ, ఐస్డ్ టీ, నిమ్మరసం, పాలు ఉచితం. పొద్దున్నే బఫేలో కొన్ని పండ్లరసాలు కూడా పెడతారు. ఐస్ ఎంతైనా ఇస్తారు. డెక్కు మీది బఫేకు వెళ్లి సీసా నింపుకోవచ్చు.

అంటే మద్యం, కూల్‌డ్రింకుల జోలికి వెళ్లని ఇంటివాళ్లు వారం రోజుల్లో తాగేవాటి మీద పైసా ఖర్చు పెట్టకుండా హాయిగా దిగిరావచ్చు. చాలామంది పెద్దవాళ్లకు ఓడలో ఎదురయ్యే అసలు ఇబ్బంది మందూ కాదు, సోడా కాదు. మన టీ. అక్కడ దొరికేది వేడినీళ్లు, టీ బ్యాగు, పక్కన చిన్న పాల ప్యాకెట్. చిక్కగా మరిగించిన టీకి అలవాటుపడ్డ నాలుకకు అది ఆనదు. అందుకే అనుభవమున్న కుటుంబాలు పాలు, చక్కెర కలిసిన ఇన్‌స్టంట్ టీ ప్యాకెట్లు వెంట తీసుకెళ్తాయి. వేడినీళ్లు ఎప్పుడడిగినా ఇస్తారు. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం సూట్‌కేసులో పెట్టకూడదు. అగ్నిప్రమాద భయంతో దాన్ని ఓడలోకి రానివ్వరు. ఇంట్లో చేసిన పచ్చళ్లు, పిండివంటలు కూడా కుదరవు. కంపెనీ సీలు తీయని ప్యాకెట్లయితే సాధారణంగా అభ్యంతరం చెప్పరు.

డబ్బు కట్టాల్సినవి ఇవి: మద్యం, కూల్‌డ్రింకులు, మాక్‌టెయిళ్లు, సీసా నీళ్లు, ఎనర్జీ డ్రింకులు, యంత్రంలో తీసే లాటే, క్యాపుచినో లాంటి కాఫీలు. ఓడను బట్టి మారినా మోటుగా చెప్పాలంటే బీరు 9 డాలర్లు, కాక్‌టెయిల్ 14, మాక్‌టెయిల్ 8, లాటే 5, కూల్‌డ్రింకు 4 డాలర్ల దాకా ఉంటాయి. ప్రతిదాని మీదా 18 నుంచి 20 శాతం సర్వీస్ ఛార్జి దానంతటదే పడుతుంది.

ప్యాకేజీలు మూడు తీర్లు

కంపెనీని బట్టి పేర్లు మారతాయి కానీ ప్యాకేజీలన్నీ దాదాపు మూడు మెట్లలోనే ఉంటాయి.

అన్నిటికంటే కింది మెట్టు సోడా ప్యాకేజీ. కూల్‌డ్రింకులు ఎన్నైనా తాగొచ్చు. రోజుకు పది నుంచి పదిహేను డాలర్లు ఉంటుంది. దానిపైది మద్యం లేని ప్యాకేజీ. రాయల్ కరీబియన్‌లో దీన్ని రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీ అంటారు. కూల్‌డ్రింకులతో పాటు మాక్‌టెయిళ్లు, సీసా నీళ్లు, తాజా పండ్లరసాలు, లాటే, క్యాపుచినోలు ఇందులోకి వస్తాయి. రోజుకు 30, 40 డాలర్ల మధ్య ఉంటుంది. పై మెట్టు మద్యంతో కూడిన ప్యాకేజీ. రాయల్ కరీబియన్ దాన్ని డీలక్స్ బెవరేజ్ ప్యాకేజీ అంటుంది, కార్నివాల్ 'చీర్స్' అంటుంది. ధర ఓడను బట్టి, తేదీని బట్టి, ఎప్పుడు కొన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. రాయల్ కరీబియన్‌లో 60 డాలర్లకు దొరికిన సందర్భాలున్నాయి, వంద దాటిన ఓడలూ ఉన్నాయి. ఇక్కడ చెప్పిన ధర వేటిలోనూ సర్వీస్ ఛార్జి కలవలేదు. అది విడిగా వచ్చి చేరుతుంది.

మిర్యాలగూడలో ఏ మెస్‌కు వెళ్లినా ఫుల్ మీల్స్ టోకెన్ తీసుకుంటే అన్నం ఎంతైనా వడ్డిస్తారు. డ్రింక్ ప్యాకేజీదీ అదే పద్ధతి. తేడా ఒక్కటే. మెస్‌లో మీరు టోకెన్ తీసుకున్నారని మీ పక్కన టీ తాగడానికి కూర్చున్న మీ అమ్మగారిని కూడా ఫుల్ మీల్స్ కొనమనరు. ఓడలో అంటారు.

ఒకరు తాగితే ఇద్దరూ కొనాలి

తెలుగు కుటుంబాలు తప్పకుండా చదవాల్సిన నిబంధన ఇదే. రాయల్ కరీబియన్‌లోనూ, కార్నివాల్‌లోనూ ఒక క్యాబిన్‌లో ఒక పెద్దమనిషి మద్యం ప్యాకేజీ కొంటే, అదే క్యాబిన్‌లో మద్యం తాగే వయసున్న మిగతా వాళ్లందరూ కొనాల్సిందే. భార్య తాగదన్నా, తండ్రి మానేశాడన్నా లెక్క మారదు. ఒకరి కార్డు మీద తెచ్చి ఇంకొకరికి ఇస్తారన్నది కంపెనీల భయం.

'మేం తాగం గదా బిడ్డా, మాకెందుకు?' అని తల్లి అడిగే ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు రెండు రకాలుగా వెతుక్కోవచ్చు. ఒకటి, ఈ నిబంధన క్యాబిన్‌కు వర్తిస్తుంది కానీ కుటుంబానికి కాదు. అమ్మానాన్నలకు వేరే క్యాబిన్ తీసుకుంటే పిల్లల ప్యాకేజీ భారం వాళ్ల మీద పడదు. రెండు, గర్భిణులు, ఆరోగ్య కారణాలున్నవాళ్లు, మతపరంగా మద్యం ముట్టనివాళ్లు ముందే కంపెనీకి ఫోన్ చేసి అడిగితే కొన్ని సందర్భాల్లో మద్యం ప్యాకేజీ బదులు రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీతో సరిపెడతారు. వెబ్‌సైట్‌లో ఈ దారి కనపడదు, అడిగితేనే తెలుస్తుంది. అడిగిన ప్రతిసారీ ఒప్పుకుంటారన్న హామీ కూడా లేదు.

వయసు దగ్గర ఇంకో మెలిక ఉంది. అమెరికా రేవుల నుంచి బయల్దేరే ఓడల్లో మద్యం వయసు 21. మన తెలంగాణలోనూ అంతే. కానీ సింగపూర్ నుంచి బయల్దేరే రాయల్ కరీబియన్ ఓడల్లో 18. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి మూడు నాలుగు రాత్రుల క్రూజ్ ఎక్కుతున్న కుటుంబాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అలాంటి ప్రయాణంలో, నిన్నగాక మొన్న ఇంటర్ పూర్తిచేసిన కొడుకు కూడా ఈ లెక్కలో పెద్దవాడి కిందకి రావచ్చు. బుక్ చేసేటప్పుడే కనుక్కోవడం మేలు.

కాగితం మీద లెక్క

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. హుజూర్‌నగర్ నుంచి వెళ్లిన అమ్మానాన్నలు, టెక్సాస్‌లో ఉంటున్న కొడుకూ కోడలూ. గాల్వెస్టన్ నుంచి ఏడు రాత్రుల ప్రయాణం. రెండు క్యాబిన్లు. కొడుకు సాయంత్రం రెండు కాక్‌టెయిళ్లు తాగుతాడు. కోడలు రోజుకో లాటే. నాన్న భోజనానికి ముందు ఒక బీరు. అమ్మకు నీళ్లు, టీ చాలు. మద్యం ప్యాకేజీ రోజుకు 80 డాలర్లు అనుకుందాం. డాలరు 90 రూపాయల చొప్పున లెక్క వేద్దాం.

80 డాలర్లకు 18 శాతం సర్వీస్ ఛార్జి కలిపితే రోజుకు 94 డాలర్ల 40 సెంట్లు. ఏడు రోజులకు 660 డాలర్ల 80 సెంట్లు. నాన్నకూ కొడుక్కూ తీసుకుంటే క్యాబిన్ నిబంధన వల్ల నలుగురూ కొనాలి. మొత్తం 2,643 డాలర్ల 20 సెంట్లు. రూపాయల్లో 2 లక్షల 37 వేల 888.

ఇప్పుడు గ్లాసు లెక్కన చూద్దాం. సర్వీస్ ఛార్జితో కలిపి కొడుకు రెండు కాక్‌టెయిళ్లకు రోజుకు 33 డాలర్ల 4 సెంట్లు. కోడలి లాటేకు 5 డాలర్ల 90 సెంట్లు. నాన్న బీరుకు 10 డాలర్ల 62 సెంట్లు. రోజుకు మొత్తం 49 డాలర్ల 56 సెంట్లు. వారానికి 346 డాలర్ల 92 సెంట్లు. అంటే 31 వేల 223 రూపాయలు.

తేడా రెండు లక్షల పైమాటే. ఒకే కుటుంబం, అవే గ్లాసులు, అదే ఓడ.

మరి ప్యాకేజీ ఎప్పుడు గిట్టుబాటవుతుంది? అవే ధరల మీద ఒక మనిషి రోజుకు ఆరు కాక్‌టెయిళ్లో, తొమ్మిది బీర్లో తాగితేనే తన ప్యాకేజీ డబ్బు తనకు వచ్చినట్టు. క్యాబిన్‌లో రెండో మనిషి ఏమీ తాగకపోతే ఇద్దరి డబ్బూ ఒక్కడే రాబట్టాలి. అప్పుడు రోజుకు పన్నెండు కాక్‌టెయిళ్లో, పద్దెనిమిది బీర్లో కావాలి. అది కూడా వారంలో ఒక్క రోజు కాదు, వరసగా ఏడు రోజులూ. మధ్యలో ఓడ రేవులో ఆగి ఊరు చూసొచ్చే రోజులుంటాయి. పొద్దున దిగి సాయంత్రం ఎక్కే ఆ రోజుల్లోనూ ప్యాకేజీ మీటరు ఆగదు.

చిన్న ప్యాకేజీలకు గిట్టుబాటు దగ్గర్లోనే ఉంటుంది. సోడా ప్యాకేజీ 13 డాలర్లనుకుంటే రోజుకు నాలుగు కూల్‌డ్రింకులు తాగే పిల్లలకు సరిపోతుంది. పిల్లలు రోజుకు నాలుగు తాగడం మంచిదా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవాల్సిన విషయం. 34 డాలర్ల రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీ రోజుకు రెండు లాటేలు, మూడు మాక్‌టెయిళ్లు, ఒక నీళ్ల సీసా తీసుకునేవాళ్లకు లాభమే. మద్యం ముట్టకుండా రకరకాల పానీయాలు ఇష్టపడేవాళ్లకు ఉపయోగపడేది అదొక్కటే.

'ఉచితం' అన్నచోట ఆగి చూడాలి

నార్వీజియన్ క్రూజ్ లైన్ చాలాకాలం 'ఫ్రీ ఎట్ సీ' పేరుతో టికెట్‌తో పాటు ఓపెన్ బార్ ఉచితంగా ఇస్తున్నట్టు ప్రకటించేది. ప్యాకేజీ ఉచితమే. కానీ దాని అసలు ధర రోజుకు 109 డాలర్లని లెక్కగట్టి, ఆ ధర మీద 20 శాతం సర్వీస్ ఛార్జిని టికెట్ కొనేటప్పుడే తీసుకునేవాళ్లు. రోజుకు 21 డాలర్ల 80 సెంట్లు. ఏడు రాత్రులకు మనిషికి 152 డాలర్ల 60 సెంట్లు. ఏ కంపెనీ ప్రకటనలో ఉచితమన్న మాట కనపడినా, సర్వీస్ ఛార్జి ఎంత, దేని మీద, ఎప్పుడు కట్టాలి అన్న మూడూ అడిగి తీరాలి.

నిజంగానే కలిపి ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. డిస్నీ ఓడల్లో కూల్‌డ్రింకులు టికెట్‌లోనే వస్తాయి. వర్జిన్ వాయేజెస్ కూడా మామూలు కాఫీ, సోడాలకు డబ్బు తీసుకోదు. వైకింగ్ మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో పాటు వైన్, బీరు ఇస్తుంది. సిల్వర్‌సీ, రీజెంట్ లాంటి ఖరీదైన ఓడల్లో మద్యమంతా టికెట్‌లో భాగమే. అయితే ఆ టికెట్ ధర మామూలు కుటుంబాలకు అందనంత ఎత్తులో ఉంటుంది.

చిన్న అక్షరాల్లో పెద్ద సంగతులు

ప్యాకేజీ అన్నంత మాత్రాన ఓడలోని ప్రతి సీసా మీ సొంతం కాదు. గ్లాసుకు ఒక ధర పరిమితి ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో ఆ పరిమితి దాటిన పానీయానికి తేడా మీరే కట్టాలి. వైన్ గ్లాసు వస్తుంది కానీ వైన్ బాటిల్ రాదు. గదిలోని మినీబార్, గదికి తెప్పించుకునే డ్రింకులు, జ్ఞాపికగా ఇచ్చే గ్లాసులు సాధారణంగా ప్యాకేజీ బయటే.

కార్నివాల్ చీర్స్‌లో 24 గంటలకు 15 మద్యం డ్రింకులే పరిమితి. రాయల్ కరీబియన్‌లో అంకె చెప్పరు కానీ మత్తు ఎక్కువైందనిపిస్తే బార్ టెండర్ ఇవ్వడం ఆపేయొచ్చు. ఎక్కడైనా ఒకసారికి ఒక్క డ్రింకే. పక్కవాళ్లకు పంచుతూ దొరికితే ప్యాకేజీ రద్దు చేస్తారు, డబ్బు తిరిగి రాదు.

ప్యాకేజీ కొంటే మొత్తం ప్రయాణానికి కొనాలి. సముద్రంలో ఉన్న రోజులకే కొంటాం, రేవుల రోజులకు వద్దంటే కుదరదు. కంపెనీల సొంత దీవుల్లో ప్యాకేజీ పనిచేస్తుందా లేదా అన్నదీ చూసుకోవాలి. రాయల్ కరీబియన్ ప్యాకేజీ బహామాస్‌లోని ఆ కంపెనీ దీవి కోకోకేలో చెల్లుతుంది. అన్ని కంపెనీల దీవుల్లోనూ అలా ఉండదు. ఇక ఇతర రేవుల్లో దిగి తాగినదానికి ఎవరి జేబు వారిదే.

ఓడలో నోట్లు చేతులు మారవు. ఎక్కేటప్పుడు ఇచ్చే కార్డే గది తాళం, గుర్తింపు, పర్సు అన్నీ. బార్‌లో కార్డు ఇస్తే గీకి రసీదు చేతిలో పెడతారు. ఆ రసీదును ఒక్క నిమిషం దగ్గరగా చూడాలి. పైన డ్రింకు ధర, దాని కింద 18 శాతం సర్వీస్ ఛార్జి, ఆ కింద మొత్తం. ఇంకా కిందికి వస్తే ఒక ఖాళీ గీత ఉంటుంది, 'అదనపు టిప్పు' రాయమని. మనవాళ్లు చాలామంది మొహమాటానికి అక్కడ రెండో మూడో డాలర్లు రాసేస్తారు. టిప్పు పైన ఒకసారి పడిపోయిందన్న సంగతి గమనించరు. సేవ నచ్చి మనసారా ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు. ఖాళీ వదిలేసినా తప్పులేదు.

దీనికి తోడు క్యాబిన్, భోజనశాల సిబ్బంది కోసం మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా టిప్పు విడిగా కలుస్తుంది. దానికీ డ్రింక్ ప్యాకేజీకీ సంబంధం లేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న కార్డుతో బిల్లు కడితే బ్యాంకును బట్టి విదేశీ మారక రుసుం రెండు నుంచి మూడున్నర శాతం దాకా పడుతుంది. చిన్న మొత్తాలే. కానీ వారం తిరిగేసరికి కూడితే కనపడతాయి.

కంపెనీకి ఇదెందుకంత ముఖ్యం

ఓడ టికెట్ ధర బయటికి చవగ్గా కనపడడానికి కారణం ఓడ లోపలే ఉంది. 2023లో రాయల్ కరీబియన్ గ్రూప్ మొత్తం ఆదాయం దాదాపు 1,390 కోట్ల డాలర్లు. అందులో టికెట్ల మీద వచ్చింది సుమారు 957 కోట్లు. మిగతా 430 కోట్ల పైచిలుకు ఓడలో చేసే ఖర్చు, ఇతరత్రా రాబడి. మద్యం, క్యాసినో, ప్రత్యేక రెస్టారెంట్లు, ఇంటర్నెట్, రేవుల్లో తిప్పి చూపించే టూర్లు అన్నీ ఈ పద్దులోవే. అంటే ప్రతి పది డాలర్లలో మూడు టికెట్ బయట వచ్చినవి. అందుకే ప్యాకేజీ గురించి ఓడ ఎక్కకముందు అన్నిసార్లు మెయిలొస్తుంది, ఎక్కాక గుమ్మంలోనే ఒక బల్ల వేసి అమ్ముతారు.

ఓడకూ మందుకూ ఉన్న బంధం పాతదే. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమల్లో ఉన్నప్పుడు, విదేశీ జెండాతో తిరిగే ఓడలు జనాన్ని తీరానికి దూరంగా తీసుకెళ్లి మందు పోసి వెనక్కి తెచ్చేవి. ఏ ఊరికీ వెళ్లని ఆ ప్రయాణాలను 'బూజ్ క్రూజ్‌లు' అనేవాళ్లు. నేటి వినోద నౌకాయానానికి దారివేసిన వాటిలో అవీ ఒకటి.

విశాఖ రేవుకు వచ్చిన మయామీ ఓడ

క్రూజ్ ఎక్కడానికి అమెరికాయే వెళ్లనక్కర్లేదు. మిర్యాలగూడలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది ఓడరేవున్న ఊళ్లోనే. 2022 జూన్‌లో కార్డీలియా క్రూజెస్ వారి 'ఎంప్రెస్' తొలిసారి విశాఖపట్నం వచ్చి ప్రయాణికులను ఎక్కించుకుంది. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ను అక్కడ ప్రారంభించారు. 2025లో విశాఖ, చెన్నై, పుదుచ్చేరిలను కలుపుతూ ఎంప్రెస్ మళ్లీ వచ్చింది.

ఈ ఓడ చరిత్ర ఆసక్తికరంగా ఉంటుంది. 1990లో ఫ్రాన్స్‌లో తయారై 'నార్డిక్ ఎంప్రెస్' పేరుతో రాయల్ కరీబియన్ కంపెనీలో చేరింది. తర్వాత 'ఎంప్రెస్ ఆఫ్ ది సీస్' అయింది. 2017లో ఫ్లోరిడా నుంచి క్యూబాకు తిరిగింది. 2020 చివర్లో ఆ కంపెనీ దాన్ని అమ్మేసింది. 2021 సెప్టెంబరు నుంచి ముంబయి కేంద్రంగా భారత తీరంలో తిరుగుతోంది. ఒకప్పుడు డాలర్లలో బిల్లు గీకిన బార్లే ఇప్పుడు మనవాళ్లకు రూపాయల్లో గీకుతున్నాయి. ఇక్కడా సూత్రం మారలేదు. టికెట్‌లో భోజనం కలిసి ఉంటుంది, శాకాహారం, జైన భోజనం కూడా దొరుకుతాయి. మద్యానికి మాత్రం విడిగా కట్టాలి.

ఇంటికి ఇంకా దగ్గరి ప్రయాణం కావాలంటే కృష్ణమ్మ ఉంది. జలాశయంలో నీళ్లు నిండుగా ఉన్న నెలల్లో తెలంగాణ పర్యాటక శాఖ నాగార్జున సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతుంది. నల్లమల కొండల మధ్య నుంచి ఆరేడు గంటల ప్రయాణం. దానికి ప్యాకేజీ లెక్కలు అక్కర్లేదు. ఓడ ఎలా ఉంటుందో, నీళ్ల మీద ఒళ్లు తిరుగుతుందో లేదో పెద్దవాళ్లకు తెలియడానికి అమెరికా కంటే ముందు ఇది చూపించడం మంచి ఆలోచన.

ఒంటికీ ఒక లెక్కుంది

ప్యాకేజీ కొన్నాక చాలామందిలో ఒక మార్పు వస్తుంది. మామూలుగా రెండుతో ఆపేవాళ్లు, కట్టిన డబ్బు దండగ కాకూడదని మూడోది, నాలుగోది అడుగుతారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

అమెరికా కొలత ప్రకారం ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 355 మిల్లీలీటర్ల బీరులోనో, 44 మిల్లీలీటర్ల విస్కీలోనో ఉండేది అంతే. మన చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు కాబట్టి వాళ్ల ఒక్క డ్రింకు మనకు దాదాపు పెగ్గున్నర. రెండు గంటల్లో మగవాళ్లు ఐదు, ఆడవాళ్లు నాలుగు డ్రింకులో, అంతకంటే ఎక్కువో తాగితే దాన్ని అతిగా తాగడం కింద అక్కడి వైద్య సంస్థలు లెక్కేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ఇంకా స్పష్టంగా చెప్పింది. ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదు అంటూ ఏదీ లేదు. ఈ మాటల పక్కన, ఇద్దరి ప్యాకేజీ ఒక్కడే రాబట్టడానికి కావాల్సిన పన్నెండు కాక్‌టెయిళ్లను పెట్టి చూస్తే, గిట్టుబాటు అన్న మాటకే అర్థం లేకుండా పోతుంది.

షుగరు, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మద్యం కొన్ని మందులతో కలిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. మద్యం లేని ప్యాకేజీలో వచ్చే మాక్‌టెయిళ్లు, కూల్‌డ్రింకుల్లో చక్కెర ఎక్కువ. ఓడలో డాక్టరు ఉంటాడు కానీ ఆ ఫీజు విడిగా డాలర్లలో పడుతుంది. మత్తులో జరిగిన ప్రమాదాలకు చాలా ప్రయాణ బీమా పాలసీలు డబ్బు ఇవ్వవు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లే ప్రయాణంలో ఇవన్నీ ముందే మాట్లాడుకుంటే మంచిది.

కొనాలనుకుంటే ఇలా

ముందు ఇంట్లో ఎవరెవరు రోజుకు ఏమేం తాగుతారో కాగితం మీద రాయాలి. ఓడలో తాగాలనుకునేవి కాదు, మామూలుగా తాగేవి. వాటి ధరలకు సర్వీస్ ఛార్జి కలిపి రోజు మొత్తం తేల్చాలి. పక్కనే ప్యాకేజీ ధరకు సర్వీస్ ఛార్జి కలిపి, క్యాబిన్‌లోని పెద్దల సంఖ్యతోనూ, రాత్రుల సంఖ్యతోనూ హెచ్చవేయాలి. రెండు అంకెలూ ఎదురెదురుగా కనపడ్డాక ఎవరూ సలహా ఇవ్వనక్కర్లేదు.

కొనడమే లాభమని తేలితే ఓడ ఎక్కేదాకా ఆగకూడదు. ఎక్కాక ధర సాధారణంగా ఎక్కువే. నవంబరులో బ్లాక్ ఫ్రైడే సమయంలో, ఇతర పండుగల రోజుల్లో తగ్గింపులు పెడతారు. రాయల్ కరీబియన్‌లో ముందు కొన్న ప్యాకేజీని ప్రయాణానికి ముందే రద్దు చేసుకుని, ధర తగ్గినప్పుడు మళ్లీ కొనుక్కోవచ్చు. కాబట్టి ఒకసారి కొని వదిలేయకుండా అప్పుడప్పుడు ధర చూస్తుండాలి. ఎక్కేరోజు పెద్దవాళ్లు ఒక్కొక్కరు 750 మిల్లీలీటర్ల వైన్ సీసా ఒకటి వెంట తెచ్చుకోవడానికి ఆ కంపెనీ ఒప్పుకుంటుంది. విస్కీ, రమ్ము సీసాలను మాత్రం రానివ్వరు.

వద్దనుకున్నవాళ్లు మొదటిరోజు బల్ల దగ్గర అమ్మేవాళ్ల మాటలకు తొందరపడకుండా, గ్లాసుకు గ్లాసు కట్టుకుంటూ వెళ్లొచ్చు. ఎంతయిందో ఏ రోజుకారోజు కంపెనీ యాప్‌లోనో, గెస్ట్ సర్వీసెస్ కౌంటర్లోనో చూసుకోవచ్చు. తప్పు బిల్లు పడితే దిగేలోపే ఆ కౌంటర్లో చెప్పాలి. దిగే రోజు పొద్దున అక్కడ వరస చాంతాడంత ఉంటుంది కాబట్టి, ఆ ముందురోజు సాయంత్రమే వెళ్లి చూసుకోవడం సుఖం.